‘కాన్సర్ నై బోలే నా, ఫిర్ కీమో కాయ్కు?’

ఈ సవాల్ దవాఖానాలో పుట్టదు. ఇంటికొచ్చాక పుడుతుంది.

పిల్లాడి బయాప్సీ రిపోర్టు వస్తుంది. డాక్టర్ నోరు తిరగని పేరొకటి చెప్తాడు. “కాన్సరా సాబ్?” అని అబ్బా వణుకుతూ అడుగుతాడు. “మీరనుకునే మామూలు కాన్సర్ లాంటిది కాదు, కానీ కీమో ఇవ్వాలి” అంటాడు డాక్టర్. ఆ మాటలో ముందు సగం ఇంటికి చేరుతుంది. వెనక సగం బస్సులోనే దిగిపోతుంది. మగ్రిబ్ అయ్యేసరికి మామూ వస్తాడు, ఫూఫా వస్తాడు, పక్కింటి ఖాలా వస్తుంది. అందరూ చాయ్ తాగుతారు. అందరి నోటా ఒకటే మాట. “కాన్సర్ నై బోలే నా, ఫిర్ కీమో కాయ్కు?”

సవాల్ వేసినందుకు నాకు కోపం లేదు. పిల్లల ఒంట్లోకి ఏ మందు పోతుందో అడగడం తల్లిదండ్రుల హక్కు. నా కోపమంతా సవాల్ వేసి, జవాబు కోసం ఆగకుండా, వచ్చే వారం సూదికి పోవద్దని ఫైసలా చేసేవాళ్ల మీద. వాళ్లు పిల్లాణ్ని ఎత్తుకుని తిరగరు. రాత్రుళ్లు మేలుకోరు. సలహా ఇచ్చి చెప్పులేసుకుని వెళ్లిపోతారు. ఆ సలహా ఖరీదు మాత్రం పసిబిడ్డ కడతాడు.

అందుకే ఈ సవాల్‌కి పూర్తి జవాబు రాస్తున్నా. మీ ఖాందాన్‌లో ఇలాంటి బిడ్డ లేకపోయినా చదవండి. రేపు ఎవరింట్లోనో చాయ్ తాగుతూ నోరు తెరవబోయే మామూ మీరే కావచ్చు.

*ముందు బీమారీ ఏమిటో*

దీని పేరు లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్. దవాఖానాల్లో ఎల్‌సీహెచ్ అంటారు. మన రక్తంలోని కణాలన్నీ ఎముక లోపలి మూలుగలో పుడతాయి. మనం నల్లీ అంటామే, అదే. అక్కడ పుట్టే కణాల్లో ఒక రకం పహరా కాసేవి. బయటి నుంచి వచ్చిన క్రిమిని పట్టుకుని, మిగతా రక్షణ కణాలకి చూపించి “వీడే దుష్మన్” అని ఖబర్ ఇస్తాయి. ఎల్‌సీహెచ్‌లో ఈ జాతి కణాలు కొన్ని చెడిపోతాయి. ఎదగాల్సిన తీరులో ఎదగవు, చావాల్సిన టైముకి చావవు. గుంపులు కట్టి ఎముకలోనో, చర్మంలోనో, కాలేయంలోనో కూర్చుంటాయి. పక్కనున్న మంచి కణాలని కూడా రెచ్చగొట్టి అక్కడ వాపు పుట్టిస్తాయి, ఎముకని తినేస్తాయి.

ఇది చాలా అరుదు. పది లక్షల మంది పిల్లల్లో ఏడాదికి నలుగురి నుంచి తొమ్మిది మంది వరకూ దీని బారిన పడతారు. ఎక్కువగా మూడేళ్ల లోపు పసివాళ్లు. అరుదు కాబట్టే ఎవరికీ తట్టదు. మొదటి నిషానీలన్నీ మామూలు రోగాల వేషంలో వస్తాయి. నెత్తి మీద పొక్కు కట్టి పొట్టు రాలుతుంది, చుండ్రు అనుకుంటాం. చెవిలోంచి చీము కారుతుంది, చుక్కలు వేసి వదిలేస్తాం. తల మీద మెత్తటి బొడిపె తగులుతుంది, ఆడుకుంటూ ఎక్కడో పడ్డాడనుకుంటాం. గజ్జల్లో, చంకల్లో ఎర్రటి దద్దుర్లు వస్తాయి, ఎండాకాలం అనుకుంటాం. బిడ్డ చెంబులకి చెంబులు నీళ్లు తాగి రాత్రంతా పక్క తడిపేస్తాడు, కొట్టి పడుకోబెడతాం.

ఆ నీళ్ల దాహం షుగర్ వల్ల కాదు. మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటుంది. ఒంట్లో నీళ్లని ఆపి ఉంచమని మూత్రపిండాలకి హుకుం పంపేది అదే. ఈ బీమారీ దాని దగ్గరికి చేరితే ఆ హుకుం ఆగిపోతుంది. డయాబెటిస్ ఇన్సిపిడస్ అంటారు. ఒకసారి వచ్చిందంటే దాదాపు ఎప్పటికీ పోదు, జీవితాంతం మందు వాడాలి. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పని పడుతుంది.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఎల్‌సీహెచ్ అని గుండెలు బాదుకోకండి. నూటికి తొంభైతొమ్మిది సార్లు చుండ్రు చుండ్రే. కానీ రెండు మూడు కలిసి వస్తే, నెలల తరబడి మందు వాడినా తగ్గకపోతే, “ఇంకేమన్నా కావచ్చా?” అని పిల్లల డాక్టర్ని అడగండి.

*కాన్సరా, కాదా?*

ఇప్పుడు అసలు సవాల్. దీని పేరు మీద ముందు కొట్లాడింది మన మామూలు కాదు, డాక్టర్లే. పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ కుర్రాడు 1868లో, ఇంకా మెడికల్ చదువులో ఉండగానే, చర్మంలో కొమ్మలు చాచినట్టున్న కణాలని చూశాడు. అవి నరాలకి సంబంధించినవనుకున్నాడు. ఆ కణాలకి ఆయన పేరు నిలిచింది. తర్వాత ఈ బీమారీ ఎముకలో కనిపిస్తే ఒక పేరు, పసిపిల్లల ఒళ్లంతా పాకితే ఇంకో పేరు పెట్టారు. 1953లో లిక్టెన్‌స్టైన్ అనే డాక్టర్ ఇవన్నీ ఒకటేనని చెప్పి ‘హిస్టియోసైటోసిస్ ఎక్స్’ అన్నాడు. ఎక్స్ అంటే ఏమిటో తెలియనిది అని.

ఇది కాన్సర్ జాతిదా, ఒట్టి వాపు జాతిదా అని దశాబ్దాలు వాదించుకున్నారు. 2010లో ఒక పెద్ద నిజం బయటపడింది. పరీక్షించిన గడ్డల్లో సగానికి పైగా వాటిలో బీరాఫ్ అనే జన్యువులో ఒకే రకమైన మార్పు కనిపించింది. కణానికి “పెరుగు” అని చెప్పే స్విచ్ ఆన్‌లోనే ఇరుక్కుపోయినట్టు. కొన్ని కాన్సర్లలో కూడా ఇదే మార్పు ఉంటుంది. ఆ తర్వాత దీన్ని రక్తకణాల జాతికి చెందిన కణితి, వాపుతో కూడిన కణితి అని లెక్కలోకి తీసుకున్నారు.

కాబట్టి “కాన్సర్ కాదు” అన్న డాక్టర్ అబద్ధం చెప్పలేదు, “కాన్సర్ లాంటిదే” అన్న డాక్టర్ కూడా చెప్పలేదు. కానీ నా మాట వినండి. మందు పేరుని బట్టి ఇవ్వరు. కణం ఏం చేస్తుందో, ఎక్కడ కూర్చుందో చూసి ఇస్తారు. కీమో అంటే కాన్సర్ సర్టిఫికెట్ కాదు. ఆగకుండా పెరిగే కణాలని ఆపే మందు, అంతే. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆ జాతి మందే. మీ నానీ వారానికోసారి ఆ గోలీ వేసుకుంటుంటే “కాన్సర్ నై, ఫిర్ కాయ్కు?” అని ఎవరైనా అడిగారా?

*అందరికీ ఇవ్వరు*

ఇంకో సంగతి. “దవాఖానావాళ్లు పైసలకోసం అందరికీ కీమో ఎక్కిస్తారు” అనేవాళ్లకి ఈ బీమారీయే జవాబు. ఎందుకంటే ఎల్‌సీహెచ్‌లో చాలామంది పిల్లలకి కీమో ఇవ్వరు.

ఒక్క ఎముకలో ఒక్క గడ్డ ఉంటే, ముక్క తీసి పరీక్ష చేసినప్పుడు కొంచెం గీకినా చాలు, అదే మానిపోవచ్చు. పుట్టుకతోనే చర్మం మీద మాత్రమే వచ్చిన కొందరు శిశువుల్లో కొన్ని నెలల్లో తనంతట తానే పోతుంది. అలాంటి బిడ్డల్ని నిగా పెట్టి చూస్తూ ఉంటారు, అంతే. అందుకే ముందు ఒళ్లంతా వెతుకుతారు. ఎముకల ఎక్స్‌రేలు, పొట్ట స్కాను, రక్త పరీక్షలు, అవసరమైతే ఎంఆర్‌ఐ. ఇన్ని టెస్టులెందుకని విసుక్కుంటాం. ఆ టెస్టులు కీమో ఇవ్వడానికి సాకు కాదు, అవసరం లేని బిడ్డకి ఇవ్వకుండా ఉండడానికి.

కీమో ఎప్పుడు? బీమారీ ఒకటి కన్నా ఎక్కువ అవయవాల్లోకి పాకినప్పుడు. ఎన్నో ఎముకల్లో ఉన్నప్పుడు. కంటి చుట్టూ, చెవి వెనక ఎముకల్లో కూర్చున్నప్పుడు. పైన చెప్పిన ఆ శనగగింజ గ్రంథికి అవి దగ్గర కాబట్టి. అన్నిటికన్నా ఖతర్నాక్, కాలేయం, ప్లీహం, మూలుగ, ఈ మూడింటిలో ఏదైనా పట్టుబడినప్పుడు. వీటిని రిస్క్ అవయవాలంటారు. అప్పుడు ఊరుకుంటే బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది.

అంటే మీ బిడ్డకి కీమో రాశారంటే, రాయకుండా వదిలేయగల దారులు చూశాకే రాశారు. నమ్మకం కుదరకపోతే ఇంకో పెద్ద దవాఖానాలో చూపించండి, రిపోర్టులన్నీ తీసుకెళ్లండి. ఇంకో డాక్టర్ రాయ్ అడగడం బేఅదబీ కాదు. కానీ ఇంకో డాక్టర్ని అడగండి, ఇంకో ఫూఫాని కాదు.

“ముక్క తీస్తే పాకుద్ది” అనే మాట ఒకటి మన దగ్గర పాతుకుపోయింది. ఎల్‌సీహెచ్ అని తేల్చేది ఆ ముక్కే. ముక్క తీయకుండా కీమో మొదలుపెట్టమంటే భయపడండి, తీస్తామంటే కాదు.

*‘పొక్కులు పోయాయి కదా, చాల్లే’*

మొదటి వారం ఆపేవాళ్లు కొందరు. అంతకన్నా ఎక్కువమంది మూడో నెలలో ఆపుతారు. ఎందుకంటే మందు పనిచేస్తుంది! నెత్తి శుభ్రమైంది, బొడిపె కరిగింది, బిడ్డ ఆడుకుంటున్నాడు. “మాషాఅల్లాహ్ బాగయ్యాడు, ఇంకా ఆ సూదులెందుకు, పాపం?” అంటారు. చూడడానికి మమతే. నా దృష్టిలో ఈ బీమారీలో మనం చేసే జుల్మ్‌లలో ఇదే పెద్దది.

ఇలాజ్ ఎలా నడుస్తుందో చెప్తా. చాలా దేశాల్లో మొదట వాడే మందులు రెండే. విన్‌బ్లాస్టిన్ సూది, ప్రెడ్నిసొలోన్ గోలీ. మొదటి ఆరు వారాలు వారానికో సూది. గోలీలు నాలుగు వారాలు రోజూ వేసి, తర్వాత మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు. ఆరో వారంలో మళ్లీ పరీక్షలు. తగ్గింది సగమే అయితే ఇంకో ఆరు వారాలు. బాగా తగ్గితే మూడు వారాలకోసారి సూది, దాంతో పాటు అయిదు రోజులు గోలీలు. ఇలా మొత్తం 12 నెలలు. రిస్క్ అవయవాలు పట్టుబడిన పిల్లలకి ఇంకో గోలీ కూడా కలుపుతారు. ఇరవైకి పైగా సూదులు. అవును, ఎక్కువే.

మరి 12 నెలలే ఎందుకు? ఎవరో కుర్చీలో కూర్చుని పెట్టిన లెక్క కాదు. ఈ బీమారీ కోసమే 1985లో ఏర్పడిన హిస్టియోసైట్ సొసైటీ ఎన్నో దేశాల డాక్టర్లని కలిపి ఒకదాని తర్వాత ఒకటి పెద్ద పరీక్షలు నడిపింది. మూడో పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. అందులో రిస్క్ అవయవాలు బాగానే ఉండి, వేరే అవయవాల్లోకి పాకిన పిల్లల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి 6 నెలల ఇలాజ్, ఇంకో జట్టుకి 12 నెలలు. అయిదేళ్లలో బీమారీ తిరగబెట్టింది మొదటి జట్టులో 54 శాతం మందికి. రెండో జట్టులో 37 శాతం మందికి.

54కీ 37కీ తేడా పదిహేడు. వంద మంది తల్లుల్లో పదిహేడు మంది మళ్లీ ఆ వరండాలో కూర్చోకుండా తప్పించిన ఆర్నెల్లు అవి. ఇంకా గమనించండి, ఆ ఆరు నెలల జట్టు కూడా డాక్టర్లు చెప్పిన ఆరు నెలలూ పూర్తి చేసిన జట్టు. మనం మూడో నెలలో ఆపి, “అల్లా మర్జీ” అంటున్నాం.

రిస్క్ అవయవాలు పట్టుబడిన పిల్లల సంగతి ఇంకా కళ్లు తెరిపిస్తుంది. మొదటి పరీక్షలో అలాంటి పిల్లల్లో అయిదేళ్లు బతికింది 62 శాతం. రెండోదానిలో 69. ఇలాజ్‌ని 12 నెలలకి పొడిగించి, మొదట్లో బాగా తగ్గని పిల్లలకి ఇంకో ఆరు వారాల గట్టి ఇలాజ్ కలిపిన మూడోదానిలో 84. కొత్త జాదూ మందేమీ రాలేదు. ఉన్న పాత మందునే పట్టుదలగా, ముందే, పూర్తిగా ఇచ్చారు. పట్టుదలకే ఇన్ని ప్రాణాలు దక్కాయి. మన ఇళ్లలో లోటు పడేది ఆ పట్టుదలే.

“తిరగబెడితే మళ్లీ చేయిద్దాంలే” అంటారా? మళ్లీ చేయొచ్చు, చాలామంది మళ్లీ బాగవుతారు. కానీ బీమారీ తిరగబెట్టిన ప్రతిసారీ ఏదో ఒకటి పట్టుకుపోయే ఖత్రా ఉంటుంది. ఒకరికి వినికిడి పోతుంది. ఒకరికి ఎదుగుదల ఆగుతుంది. ఒకరికి ఆ నీళ్ల దాహం మొదలై, జీవితాంతం ఉండిపోతుంది. కొందరికి ఏళ్ల తర్వాత నడకలో తూలు, చదువులో వెనకబాటు వస్తాయి. బిడ్డ బతికే ఉంటాడు. మనం మిగిల్చుకున్న ఆ ఆరు నెలల బస్సు చార్జీలకి బదులు వాడు జిందగీ అంతా కడుతూ ఉంటాడు.

*‘కీమో అంటే జహర్’*

అవును, జహర్ లాంటిదే. ఆ మాట దాచను. డోసు తప్పితే ప్రాణం తీస్తుంది. నరం తప్పి చర్మం కిందికి కారితే కాలుస్తుంది. అందుకే చేయి తిరిగిన నర్సే ఇవ్వాలి, పిల్లాడి బరువూ ఎత్తూ కొలిచి ఇవ్వాలి. మీ గల్లీలో కాంపౌండర్ ఇచ్చే సూది కాదు ఇది.

కానీ “ఇంగ్లీషు జహర్ వద్దు, ఖుద్రతీ ఇలాజ్ చేద్దాం” అనే హకీమ్ సాబ్‌లకి ఒక సంగతి గుర్తు చేస్తా. ఈ విన్‌బ్లాస్టిన్ దేంట్లోంచి వచ్చిందో తెలుసా? సదాబహార్. తెలుగులో బిళ్లగన్నేరు. మన ఆంగన్‌లో, మన ఖబ్రస్తాన్ గోడ పక్కన, నీళ్లు పోసినా పోయకపోయినా గులాబీ రంగు పూలు పూస్తుందే, ఆ మొక్క. 1958లో కెనడాలో నోబుల్, బీర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ ఆకుల నుంచి దీన్ని వేరు చేశారు. షుగర్‌కి పనికొస్తుందేమోనని వెతుకుతుంటే, ఎలుకల్లో తెల్ల రక్తకణాలు తగ్గుతున్నాయని తేలింది. అక్కడి నుంచి దారి మారింది.

అంతమాత్రాన ఆకులు నూరి పోయకండి! కొన్ని వందల కిలోల ఎండుటాకు నుంచి వచ్చే మందు ఒక గ్రాము. మిగతా ఆకంతా వేరే పదార్థాలు, వాటిలో విషాలూ ఉన్నాయి. ఖుద్రత్ ఇచ్చిన దానిలోంచి పనికొచ్చేదాన్ని ఏరి, కొలిచి, పరీక్షించి ఇవ్వడమే ఇల్మ్.

కష్టాలేమిటో కూడా తెలిసి ఉండాలి. విన్‌బ్లాస్టిన్‌తో తెల్ల కణాలు తగ్గుతాయి, మలబద్ధకం వస్తుంది, దవడ నొప్పి రావచ్చు. జుట్టు కొందరికి పలచబడుతుంది, తర్వాత తిరిగి వస్తుంది. ప్రెడ్నిసొలోన్‌తో బిడ్డకి పూనకం వచ్చినట్టు ఆకలి, ముఖం ఉబ్బడం, చిరాకు, మొండితనం. “వీడికేదో సాయా పట్టింది” అని ఆమిల్ దగ్గరికి లాక్కెళ్లకండి, అది గోలీ పని. గోలీ తగ్గగానే పోతుంది. ఆ గోలీని మీ అంతట మీరు హఠాత్తుగా మాత్రం ఆపకూడదు, బిడ్డ కుప్పకూలతాడు.

ఒక్క నియమం గోడ మీద రాసి పెట్టుకోండి. కీమో నడుస్తుండగా జ్వరం 100.4 దాటితే అది మామూలు జ్వరం కాదు. తెల్లారేదాకా చూద్దాం అనొద్దు, తావీజ్ నీళ్లు తాగించి పడుకోబెట్టొద్దు. అర్ధరాత్రైనా దవాఖానాకి. పహరా కణాలు తక్కువగా ఉన్న ఒంట్లో ఇన్ఫెక్షన్ గంటల్లో పాకుతుంది. ఇలాజ్ నడిచే పిల్లలకి హిజామా చేయించకండి. గాటు పెడితే రక్తం ఆగకపోవచ్చు, ఆ గాటే క్రిములకి దర్వాజా అవుతుంది. కుష్తాలు పెట్టకండి, లోహాల భస్మాలు పసి కాలేయం మోయలేదు. కలోంజీ, తేనె అంటారా, ఏది పెట్టాలన్నా ముందు డాక్టర్‌కి చెప్పండి. దాచి పెట్టిన దవాయే దెబ్బ తీస్తుంది.

*తవక్కుల్ పేరుతో*

“తఖ్దీర్‌లో ఉంటే బతుకుతాడు” అనే మాటతో చర్చ ముగించేవాళ్లున్నారు. పంటి నొప్పికి తఖ్దీర్ అని ఊరుకునేవాణ్ని నేను చూడలేదు. బండి చెడిపోతే మెకానిక్ దగ్గరికి పోతాం. వీసా కోసం ఏజెంట్ చుట్టూ తిరుగుతాం. నోరులేని బిడ్డ వంతు వచ్చేసరికే మనకి తఖ్దీర్ గుర్తొస్తుంది. రోగమొస్తే ఇలాజ్ చేయించుకోమని ప్రవక్త (స) చెప్పిన సంగతి జుమ్మా బయాన్‌లో విననివాళ్లు ఎవరున్నారు? ముందు ఒంటెని కట్టి, ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న సంగతి మదర్సా పిల్లలకి కూడా తెలుసు. దుఆ చేయండి, కడుపు నిండా చేయండి. సదఖా తీయండి. దర్గాకి పోతారా, మీ ఇష్టం. కానీ సూది రోజున కాదు, సూదికి బదులు కాదు.

ఇంకో జుల్మ్ ఉంది. బిడ్డకి రోగం రాగానే వేళ్లన్నీ తల్లి వైపు చూపిస్తాయి. “కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసింది”, “పాలు మంచివి కావు”, “వాళ్ల మాయకేలోనే ఏదో ఉంది.” ఈ మాటలనే సాస్‌లూ నందులూ వినండి. ఆ జన్యు మార్పు బిడ్డ పుట్టుకలో తల్లో తండ్రో ఇచ్చింది కాదు. బిడ్డ ఒంట్లోనే, ఆ కొన్ని కణాల్లోనే తర్వాత వచ్చింది. అంటుకోదు. పక్కన పడుకున్న తమ్ముడికి రాదు. నజర్‌తో రాలేదు, పాలతో రాలేదు. ఆ తల్లికి కావాల్సింది మీ తీర్పు కాదు, రెండు గంటల నిద్ర.

ఆడపిల్లైతే ఇంకో తాళం పడుతుంది నోటికి. “లడ్కీ హై, రేపు రిష్తా ఎలా?” అని బీమారీనే దాచేస్తారు. రెండేళ్ల పిల్లకి ఇరవై ఏళ్ల తర్వాత రాబోయే రిష్తా కోసం ఈ నెల సూది ఆపుతారు. దాచిపెట్టిన బీమారీ చెవి తీసుకుంటుంది, ఎదుగుదల తీసుకుంటుంది. అప్పుడు దాచడానికి ఏం మిగులుతుంది? ఇలాజ్ పూర్తయిన పిల్ల మిగతా పిల్లల్లాగే చదువుతుంది, నవ్వుతుంది. అలాంటి పిల్లని కాదనే ఇల్లు ఉంటే, ఆ ఇంటికి ఇవ్వకపోవడమే మంచిది.

*పైసల లెక్క*

పైసలు లేక ఆపేవాళ్లని నేను ఒక్క మాటా అనను. వాళ్లని ఆపేలా చేసిన మనల్ని అంటాను.

ఈ రెండు మందులూ పాతవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అవసరమైన మందుల జాబితాలో ఉన్నవి. బీరాఫ్ స్విచ్‌ని ఆపే కొత్త గోలీలు కూడా వచ్చాయి, త్వరగా పనిచేస్తాయి. కానీ ఖరీదెక్కువ, ఆపితే చాలామందికి బీమారీ తిరిగి వస్తుంది. అందుకే వాటిని మొండికేసిన కేసులకే దాచుకుంటున్నారు. పేదవాడి నడుం విరిచేది మందు కాదు. ఏడాది పొడుగునా బస్సు చార్జీలు, బయట తిండి, రాత్రి తలదాచుకునే గది, పోయిన కూలీ. ఆటో నడిపే అబ్బా సూది రోజున ఆటో నడపలేడు. అలాంటి రోజులు ఇరవైకి పైగా.

ఆరోగ్యశ్రీ కార్డుంటే దవాఖానాలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఎక్కడుందో మొదటి రోజే కనుక్కోండి. రిపోర్టు చూపించి ఈ ఇలాజ్ దానిలో వస్తుందా అని అడగండి. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరున్న సర్కారీ కాన్సర్ దవాఖానా ఉంది, పిల్లల విభాగం ఉంది. కాస్త దూరంలోనే షెహజాదీ నీలోఫర్ పేరుతో 1953 నుంచి నడుస్తున్న పిల్లల దవాఖానా. మన బుజుర్గ్‌ల పేర్లు ఆ గోడల మీద ఉన్నాయని గొప్పలు పోతాం. ఆ గోడల బయట ఫుట్‌పాత్ మీద మన ఊళ్ల నుంచి వచ్చిన అమ్మీలు పడుకుంటారు. వాళ్లకి టిఫిన్ డబ్బా తీసుకెళ్లే జమాత్ ఎన్ని మసీదులకి ఉంది?

రంజాన్‌లో జకాత్ తీస్తాం. ఒక్కో ఇంటికి కాస్త కాస్త పంచి, ఫోటో దిగి, ఫారిగ్ అయిపోతాం. నేనడిగేది ఇది. మీ మసీదు కమిటీ ఈ ఏడాది ఒక్క బిడ్డని తీసుకోవాలి. ఏ బీమారీ అయినా సరే, నెలల తరబడి ఇలాజ్ కావాల్సిన ఒక్క పేద బిడ్డని. పన్నెండు నెలల బస్సు చార్జీ, అబ్బా కూలీ పోయిన రోజుల పైసలు, సూది రోజు తోడెళ్లడానికి చదువుకున్న ఒక నౌజవాన్. ఒక వలీమాలో మిగిలి పారబోసే బిర్యానీ ఖరీదుకి ఇది పెద్ద లెక్క కాదు.

*డాక్టర్ సాబ్, మీతో కూడా ఒక మాట*

తప్పంతా మావాళ్లదే అంటే మీరూ తప్పించుకుంటారు. నోరు తిరగని పేరు చెప్పి, “ఒక రకమైన కాన్సర్ లాంటిది, కీమో పెట్టాలి, నెక్స్ట్” అంటే ఆ తల్లి ఏం అర్థం చేసుకుని వెళ్తుంది? ఉర్దూలోనో తెలుగులోనో పది నిమిషాలు చెప్పండి. బొమ్మ గీసి చెప్పండి. ఎన్ని వారాలు, ఏ తారీఖు, మధ్యలో ఏం చూస్తారు, ఎందుకు ఆపకూడదు, ఒక కాగితం మీద రాసివ్వండి. బుర్ఖా వేసుకున్నామెకి అర్థం కాదులే అని భర్త వైపు తిరిగి మాట్లాడకండి. ప్రతి వారం బిడ్డని ఎత్తుకుని వచ్చేది ఆమే. ఒక సూదికి రాకపోతే ఫోన్ చేసి “ఏమైందమ్మా?” అని అడిగే మనిషిని పెట్టండి. మీరు చెప్పకుండా వదిలేసిన ఖాళీలోనే మా మామూలు కుర్చీ వేసుకుంటున్నారు.

*మొదటి సవాల్‌కి*

కాన్సర్ కాదన్నారు కదా, మరి కీమో ఎందుకు? ఆ కణాలు పేరు చూసి ఆగవు కాబట్టి. మందు వాటిని ఆపుతుంది కాబట్టి. ఆరు నెలలకన్నా పన్నెండు నెలలు ఎక్కువమందిని కాపాడిందని లెక్క కట్టి చూశారు కాబట్టి. ఇంత చాలు. ఇకనుంచి ఎవరింట్లోనైనా ఈ సవాల్ వినిపిస్తే ఈ మూడు మాటలు చెప్పండి.

ఆ తర్వాత మీరొక సవాల్ వేయండి. “తర్వాతి సూది ఎప్పుడు? బస్టాండ్‌దాకా నేనొస్తా, బిడ్డని నేనెత్తుకుంటా.” సలహా ఇవ్వకుండా ఉండలేనివాళ్లకి నేనిచ్చే సలహా ఇదొక్కటే.